రెండు మెట్ల మధ్య

పాట మొదలై పట్టుమని పది క్షణాలు కాకముందే, అందులో మోగుతున్న రెండో గిటారు తనది కాదని వెర్నాకు తెలిసిపోయింది.

గురువారం మధ్యాహ్నం అందరూ వంటింట్లో చేరారు. రికార్డు ప్లేయరు పెట్టడానికి ఆ ఇంట్లో చదునైన బల్ల అదొక్కటే. కంపెనీ తరఫున రికార్డు తయారుచేస్తున్న లిండ్‌క్విస్ట్, ఇంకా అచ్చుకు వెళ్ళని ఒకే ఒక్క ప్రతిని తెల్లకాగితం తొడుగులోంచి పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి బల్ల మీది యంత్రం మీద పెట్టాడు. రస్ గ్యాలోవే కిటికీ గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పాడేదీ, ముందు నిలబడి గిటారు వాయించేదీ అతనే. డ్రమ్ములు కొట్టే టిబర్ నేల మీద, బేస్ గిటారు వాయించే ఎల్డన్ తలుపు పక్కన. వెర్నా నానబెట్టిన బీన్స్ గింజలు కడుగుతూ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే నిలబడింది. నలుగురూ కలిసి ఉండే ఆ ఇంట్లో వంట వంతులవారీగా చేసుకోవాలని మూడేళ్ళ కిందట మాట అనుకున్నారు. వంతు వెర్నా దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

మే నెలలో రికార్డు చేసిన ఆ తొమ్మిది పాటల్లోనూ రస్ గిటారు వెనక నిలబడి తాళం నడిపించే గిటారు వెర్నాది. వినేవాళ్ళు దాన్ని విడిగా వినరు, నడిచేవాడు తన కాళ్ళను చూసుకోనట్టు. ఆమెకు ఒక అలవాటుంది. డ్రమ్ము దెబ్బ పడడానికి రెప్పపాటు ముందే ఎడమ చేతి పట్టు మార్చేస్తుంది. పాట ముందుకు తూలి, పడబోయి, నిలదొక్కుకున్నట్టు ఉంటుంది. ఈ రికార్డులోని గిటారు దెబ్బతోపాటే మారుతోంది. శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది. మూడో పాట వచ్చింది. టిబర్ పుల్లలతో మోకాలి మీద తాళం వేస్తున్నవాడు ఆపేసి, బూట్ల దారాలు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. అది చూశాక ఆమెకు అర్థమైంది, తనకొక్కదానికే తెలియదని.

"ఇది ఎవరు వాయించారు?" అని అడిగింది.

లిండ్‌క్విస్ట్ దాచలేదు. అతనికి అది దాచవలసిన విషయంగా తోచలేదు కూడా. లాస్ ఏంజెలెస్ నుంచి ఒకతన్ని పిలిపించామని, సోమవారం గంటన్నరలో తొమ్మిది పాటలూ వాయించి విమానం ఎక్కేశాడని చెప్పాడు. నీ చెయ్యి మంచిదే అమ్మాయ్, కాకపోతే ప్రతిచోటా ముందుకు ఉరుకుతున్నావ్, స్టేజి మీద చెల్లిపోతుంది గాని రికార్డులో దొరికిపోతుంది అన్నాడు. రికార్డు అట్ట నమూనా కూడా తెచ్చాడు. వెనక వైపు పేర్లు. రస్ గ్యాలోవే, గిటార్లు, పాట. చివర్న వెర్నా స్టోల్జ్, టాంబరిన్. చేత్తో గలగలలాడించే ఆ టాంబరిన్ అనేదే అసలు ఆ ఇంట్లో లేదు.

ఆ సోమవారమే ఆమె ఓక్‌లాండ్ వెళ్ళింది. ఆంప్లిఫైయర్లకు ట్యూబులు కావాలని, ఫలానా కొట్లోనే మంచివి దొరుకుతాయని పంపించారు. ఆ కొట్టులో లేకపోతే ఎక్కడెక్కడ అడగాలో వరసగా జాబితా రాసిచ్చినవాడు రస్. వాటి కోసం నాలుగు కొట్లు తిరిగింది.

ఆమె రస్ వైపు చూసింది. రస్ కళ్ళు తెరిచాడు, కానీ ఆమెను కాకుండా రికార్డును చూశాడు. "స్టేజి మీద నువ్వు మాతోనేగా వెర్నా," అన్నాడు మెత్తగా. అతని గొంతెప్పుడూ మెత్తగానే ఉంటుంది. "అయినా అది ఎవరైనా వాయించగలిగేదే కదా. దాని గురించి రచ్చ ఎందుకు."

వెర్నా కుళాయి విప్పి మిగిలిన గింజలు కడిగింది. లిండ్‌క్విస్ట్ ఎవడో పరాయివాడు, రెండు నెలల్లో ఇంకో బృందం దగ్గరికి పోతాడు. అతని మీద ఆమెకు కోపం రాలేదు. వచ్చిన కోపమంతా ఒక్కచోటే, కిటికీ గట్టు మీద, చక్కగా మడిచి పెట్టినట్టు కుదురుకుంది. ఆ సాయంత్రం బీన్స్‌లో ఉప్పు సరిగ్గానే వేసింది. అందరికీ వడ్డించింది. రస్‌కు రెండోసారి కూడా.

మర్నాడు కొత్త మనిషి వచ్చాడు. ఇకమీదట సాల్ట్ పారసోల్ అనే ఈ బృందానికి ఆర్గన్ ఉండి తీరాలని కంపెనీ నిర్ణయించింది. ఆర్గన్ వాయించే ప్రుయిట్ యాభై దాటిన నల్లజాతివాడు. ఓక్‌లాండ్‌లో ఒక చర్చిలో ఆదివారాలు వాయిస్తాడు, మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ళకు. ముందుగదిలో పెట్టెలాంటి ఆర్గన్‌ను కాళ్ళ మీద నిలబెట్టి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, వాళ్ళతో కలిసి నాలుగు వరసలు వాయించాడో లేదో రెండు చేతులూ పైకెత్తేశాడు.

"ఆగండి నాయనా, ఆగండి. మీరు ఏ ఊళ్ళో ఉన్నారు? ఈ మెట్టు నొక్కితే మీరు కింద ఉన్నారు, దాని పక్క మెట్టు నొక్కితే పైన ఉన్నారు. నా రెండు మెట్ల మధ్య సందులో కాపురం పెట్టారే!"

టిబర్ పకపకా నవ్వాడు. వెర్నా ప్రుయిట్‌ను వంటింట్లోకి తీసుకెళ్ళి ఫ్రిజ్ చూపించింది. ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తల్లో ఆంప్లిఫైయర్లు ఎప్పుడూ సన్నగా గుంయ్‌మంటూ పాటకు అడ్డు పడేవి. ఫ్రిజ్ కూడా సరిగ్గా అదే శ్రుతిలో గుంయ్‌మంటుందని కనిపెట్టింది వెర్నా. గోడలోంచి వచ్చే కరెంటు మోత అది, ఊరంతా అన్ని గోడల్లోనూ అదే. ఆ మోతను పోగొట్టలేనప్పుడు దానితోనే కలిస్తే పోలేదా అనుకుంది. గిటారు రెండో తీగను ఫ్రిజ్ మోతకు కలిపి, మిగతా తీగలన్నీ దాన్నిబట్టి సరిచేసింది. అప్పటినుంచి ఆంప్లిఫైయర్ల మోత పాటలో ఒక స్వరమైపోయింది. ఆ తర్వాత రస్ ఒక పత్రికవాళ్ళతో, మా సంగీతం ఇంటి గోడల్లోంచి పుడుతుంది అని చెప్పాడు. అది అట్టల మీదికి, గోడ ప్రకటనల మీదికి ఎక్కింది.

ప్రుయిట్ ఫ్రిజ్ తలుపుకు చెవి ఆనించి విని, తల ఊపాడు. "మా చర్చిలో దేవుడికి కూడా ఇంత నమ్మకంగా శ్రుతి పెట్టరు," అన్నాడు. "ఇది కనిపెట్టింది నువ్వా తల్లీ?"

"నేనే."

"మరి అందరి గిటార్లకూ శ్రుతి చేసేది?"

"అదీ నేనే."

"ముందు నిలబడి పాడే ఆ పొడుగాటి అబ్బాయిది కూడా?"

"అతనిది కూడా."

ప్రుయిట్ ఇంకేదో అడగబోయి, ఫ్రిజ్‌లో చల్లటి నీళ్ళున్నాయా అని మాత్రం అడిగాడు.

ఇక ఫ్రిజ్‌ను వదిలి అందరూ ఆర్గన్‌కు కలపవలసి వచ్చింది. అది ఆమె పని. ఎల్డన్ బేస్, తన గిటారు అయ్యాయి. చివరికి రస్ గిటారు మిగిలింది. అది పన్నెండు తీగలది, వాటిని బిగించే పన్నెండు బిరడాలది. ఒక్కొక్కటీ వెంట్రుకవాసి తిప్పుకుంటూ పోవాలి, తిప్పినది పక్కదాన్ని కదిలిస్తుంది. దానికి ఎంత లేదన్నా పావుగంట పడుతుంది. ఆమె చేతులు ఖాళీ చేసుకునేలోపు రస్ దాన్ని ఎత్తుకుని, ఆర్గన్‌తోపాటు వాయించడం మొదలుపెట్టాడు. అది ఇంకా ఫ్రిజ్ శ్రుతిలోనే ఉంది. ఆర్గన్‌తో రాసుకుని ప్రతి స్వరమూ పులిసిన పాలలా విరుగుతోంది. ప్రుయిట్ మొహం పంటినొప్పి వచ్చినవాడిలా అయింది. రస్ మాత్రం కళ్ళు మూసుకుని, నవ్వు మొహంతో, పాట చివరిదాకా వాయించాడు.

అతనికి వినబడటం లేదు.

వెర్నాకు ఈ సంగతి తెలియనిది కాదు. మూడేళ్ళుగా అతని గిటారు సిద్ధంచేసి, స్టేజి ఎక్కేముందు చేతికందించేది ఆమే. అతని వేళ్ళు తీగల మీద చేసే పని ఆ ఊళ్ళో ఇంకెవరికీ రాదు. తీగను శ్రుతిలో పెట్టడం మాత్రం అతనికి రాదు. అంత గొప్పవాడు చేసుకోనవసరం లేని చిన్న పని అని అందరూ అనుకున్నారు. చేతకాని పని అని ఒక్కరికీ తట్టలేదు. వెర్నా ఎవరితోనూ అనలేదు. అది ఒక ఇంటి గుట్టులాగా, ఎంగిలి గిన్నెలాగా, ఆమె చేతుల్లోంచే వెళ్ళిపోయేది.

"శ్రుతి చేయనా?" అని అడిగి గిటారు తీసుకుంది. పన్నెండు బిరడాలూ తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఆదివారం గురించి ఆలోచించింది.

ఆదివారం పార్కులో ఉచిత కచేరీ. కంపెనీవాళ్ళు లాస్ ఏంజెలెస్ నుంచి వస్తున్నారు. ఆ పొద్దున్నే ఆమె రస్ గిటారు వంటింట్లోకి తెచ్చి, ఫ్రిజ్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. రెండో తీగను మళ్ళీ పాత మోతకు దించింది. మిగతా పదకొండూ దానికి కలిపింది. పని ఎక్కడా తగ్గించలేదు, నిజానికి ఎప్పటికన్నా ఎక్కువే చేసింది. విడిగా మీటితే ఆ గిటారులో ఒక్క తీగను వంక పెట్టడానికి లేదు. తనలో తాను సరిగ్గా ఉంటుంది. పక్కవాళ్ళతోనే కలవదు. రస్ లాగే, అనుకుని మొదటిసారి ఆ మూడు రోజుల్లో నవ్వుకుంది.

టిబర్ కాఫీ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కప్పులోకి చూస్తూ, మాకు తెలుసు వెర్నా, చెప్పే ధైర్యం లేకపోయింది అన్నాడు. చక్కెర ఆ డబ్బాలో ఉంది అని చెప్పింది ఆమె.

మధ్యాహ్నానికి పొగమంచు విడిపోయింది. చెట్ల మధ్య నిలిపిన లారీయే స్టేజి. ఎదురింటి మేడ కిటికీలోంచి కరెంటు తీగ లాగారు. గడ్డి మీద వెయ్యిమంది దాకా ఉన్నారు. దుప్పట్లు, పిల్లలు, కుక్కలు, వేణువులు. కంపెనీవాళ్ళు నలుగురు, బూట్లకు మట్టి అంటకుండా ఒక అట్ట మీద నిలబడ్డారు. లిండ్‌క్విస్ట్ వాళ్ళకు చేత్తో లారీ చూపించి ఏదో చెబుతున్నాడు. వెర్నా లారీ వెనక నుంచి రస్‌కు గిటారు అందించింది. అతను ఎప్పటిలాగే దాన్ని చూడకుండా తీసుకుని, భుజానికి పట్టీ వేసుకుని ముందుకు వెళ్ళాడు.

మొదటి పాట అరగంట పైన సాగేది. మొదట డ్రమ్ములు, తర్వాత వెర్నా, తర్వాత బేస్. ఆమె ఎప్పటిలాగే రెప్పపాటు ముందు పట్టు మారుస్తూ నడిపించింది, తన వైపు వేలెత్తి చూపడానికి ఏమీ ఉండకూడదని మనసు పెట్టి మరీ. ప్రుయిట్ చేరాడు. అప్పుడు రస్ తలెత్తి, మొదటి స్వరం వాయించాడు.

గాలి విరిగినట్టయింది. ఆర్గన్ ఒకచోట, గిటారు దానికి రవంత కింద. రెండింటి మధ్యా శబ్దం వణుకుతోంది, కొట్టుకుంటోంది, ఎండలో రోడ్డు మీద ఆవిరి లేచినట్టు. ప్రుయిట్ మెడ తిప్పి వెర్నాను చూశాడు. ఆమె తన చేతి వైపు చూసుకుంది. ఎల్డన్ బేస్ బిరడా తడుముకున్నాడు, తప్పు తనదేమోనని. కొద్దిసేపట్లో జనం ఈలలు వేస్తారు, లేచిపోతారు, లిండ్‌క్విస్ట్ ఆ నలుగురి ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడతాడు. అప్పుడు రస్ వెనక్కి తిరిగి తన కోసం వెతుకుతాడు. ఆ చూపు కోసం ఆమె ఎదురుచూసింది.

పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు లేచారు. కానీ ఎవరూ వెళ్ళిపోలేదు. దగ్గరికి వచ్చారు. చెట్ల అవతల బంతి ఆడుకుంటున్నవాళ్ళు ఆట ఆపి వచ్చారు. లారీకి ఆనుకుని నిలబడిన ఒక అమ్మాయి చేతులు గాల్లో మెల్లగా కదిలిస్తూ, గాలి కరిగిపోతోంది, చూడండి, కరిగిపోతోంది అంటోంది. గడ్డం ఉన్న పెద్దమనిషి ఒకతను కళ్ళు తుడుచుకుంటున్నాడు. అది గమనించి రస్ స్వరాలను ఇంకా సాగదీశాడు, ఆర్గన్ ఆగినచోటల్లా తను కూడా ఆగి మళ్ళీ దానితోపాటే మొదలుపెట్టాడు. ఎందుకు వస్తోందో తెలియకపోయినా, ఏది చేస్తే జనం ఊగుతున్నారో అతనికి తెలుసు. అది తెలియడమే అతని విద్య. లిండ్‌క్విస్ట్ నల్లకళ్ళద్దాలు తీసేసి, నోరు కొంచెం తెరిచి నిలబడ్డాడు.

వెర్నా వాయిస్తూనే ఉంది. ఆపితే బాగుండునని అనిపించింది గాని చెయ్యి ఆగలేదు.

కచేరీ అయ్యాక లిండ్‌క్విస్ట్ లారీ ఎక్కి మరీ రస్‌ను కావలించుకున్నాడు. ఇలాంటి శబ్దం తన జన్మలో వినలేదన్నాడు. ఎలా చేశావో నాకు చెప్పొద్దు, అడగను, మంగళవారం పొద్దున స్టూడియోకు వచ్చి అది నాకు టేపు మీద ఇవ్వు, రికార్డు బుధవారం అచ్చుకు వెళ్తుంది, అది పదో పాట అవుతుంది అన్నాడు. పత్రిక మనిషి కూడా అడిగాడు, ఇది ఎన్నాళ్ళుగా సాధన చేస్తున్నారని.

"చాలాకాలంగా మనసులో ఉంది," అన్నాడు రస్ మెత్తగా. "ఇవాళ కుదిరింది."

ప్రుయిట్ తీగలు చుట్టుకుంటూ వెర్నా పక్కకు వచ్చాడు. "ఎవరికో తీసిన గోతిలో పూలమొక్క మొలిచింది గదా తల్లీ," అన్నాడు. ఆమె తన గిటారు పట్టీ విప్పుకుంది. మళ్ళీ తనే, "నా పళ్ళు మాత్రం ఇంకా జివ్వుమంటున్నాయి," అని ఆర్గన్ పెట్టె మూత వేశాడు.

సోమవారం మధ్యాహ్నం ఆమె వంటింటి బల్ల మీద చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే రస్ వచ్చి కూర్చున్నాడు. ముందు వాతావరణం గురించి, తర్వాత ప్రుయిట్ గురించి మాట్లాడాడు. ఆమె కాలరు తిప్పి రెండో వైపు చేసింది. చివరికి, నిన్న గిటారుకు ఏం చేశావని అడిగాడు.

"చేసింది నువ్వు కదా. పత్రికవాడితో చెప్పావుగా."

"అది కాదు వెర్నా. పొద్దున్నుంచీ ప్రయత్నిస్తున్నా. రావడం లేదు. ఏ తీగను ఎటు తిప్పాలో తెలియడం లేదు."

పొద్దున ఆర్గన్‌కు కలపమని ఆ గిటారును ఎల్డన్‌కు ఇచ్చాడట. ఎల్డన్ కలిపాడు. అది మామూలుగా మోగింది. తర్వాత తనే అటూ ఇటూ తిప్పి చూశాడట, పిల్లి గొంతులా అయింది. ఇదంతా అతను తల వంచుకుని, బల్ల మీది గీతను గోటితో గీస్తూ చెప్పాడు. అతనికి శ్రుతి పెట్టడం రాదని ఆ ఇద్దరి మధ్యా మాటగా రావడం అదే మొదటిసారి. ఆమెకు ఆ మాట తియ్యగా ఉంది. తొందరగా మింగేయకుండా నోట్లో ఉంచుకుంది.

"పగ పెట్టుకున్నావు. నాకు తెలుసు," అన్నాడు రస్. "పెట్టుకో. కానీ ఇది విను. నువ్వు వాయించినదంతా ఇంకా టేపు మీద అలాగే ఉంది. చెరపలేదు. వినబడకుండా మీట కిందికి లాగి పెట్టారంతే. అవతలివాడిది దించి నీది పైకి తోస్తే తొమ్మిది పాటల్లోనూ నువ్వే ఉంటావు. అట్ట మీద టాంబరిన్ తీసేసి గిటారు అని వేస్తారు. నేను లిండ్‌క్విస్ట్‌తో చెప్తాను. రేపు నేను ఏమడిగినా కాదనడు."

ఇస్త్రీపెట్టె ఒకేచోట ఆగిపోయిందని వాసన వచ్చాక గాని ఆమెకు తెలియలేదు. చొక్కా వెనక గోధుమరంగు మచ్చ పడింది. అది ఎల్డన్ చొక్కా.

చెరపలేదు. ఆ ఒక్క మాట ఆమెను నిలబడనివ్వలేదు. మే నెలలో పదకొండు రోజులు, వేళ్ళ కొసలు పగిలి, పట్టీలు చుట్టి, వాయించినదంతా ఎక్కడో ఒక డబ్బాలో చీకట్లో బతికే ఉంది. బుధవారం దాటితే ఇక ఎవరికీ వినబడదు.

"ముందు చెప్తావా, తర్వాత చెప్తావా?" అని అడిగింది.

"అడుగుపెట్టగానే చెప్తాను."

"అయితే వస్తాను."

మంగళవారం పొద్దున ట్రాములో వెళ్తూ, ఒళ్ళో పెట్టుకున్న గిటారు పెట్టె మూత మీద ఆమె ఎడమ చెయ్యి తొమ్మిది పాటల పట్లూ వరసగా పట్టింది. అన్నీ గుర్తున్నాయి. ఎదురుగా కూర్చున్న ముసలామె ఆ వేళ్ళను చూసి, టైపు నేర్చుకుంటున్నావా అని అడిగింది. అవునంది. పగ ఎక్కడికీ పోలేదు గాని, దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఆ రెండిట్లో ఏది లేచి చోటిస్తుందో ఆమెకే తెలియదు.

స్టూడియోలో పెద్ద గది, దానికి అద్దం గోడ, అద్దం అవతల మీటల బల్ల దగ్గర లిండ్‌క్విస్ట్, యంత్రం నడిపే మనిషి, కంపెనీవాళ్ళలో ఇద్దరు. ప్రుయిట్ అప్పటికే ఆర్గన్ దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. లిండ్‌క్విస్ట్ తలుపు దాకా వచ్చి రస్ భుజం మీద చెయ్యి వేశాడు. రస్ వెంట ఉన్న వెర్నాను చూసి ఎందుకొచ్చిందన్నట్టు కనుబొమలెత్తాడు.

"వెర్నా," అన్నాడు రస్. "నా గిటార్లు చూసుకుంటుంది. తీగలు తుడవడం, అవీ."

"మంచిది. కాఫీ ఆ మూల ఉంది అమ్మాయ్, తలా ఒకటి అందుకో," అని లిండ్‌క్విస్ట్ అద్దం వెనక్కి వెళ్ళిపోయాడు.

వెర్నా రస్‌ను గోడ పక్కకు పిలిచి చెప్పావా అని అడిగింది. చెప్తాను, ముందు ఇది కానీ, వాళ్ళ మనసు బాగున్నప్పుడు చెప్తేనే పని జరుగుతుంది, నాకు తెలియదా అన్నాడు. తన గిటారు ఆమె చేతిలో పెట్టాడు. ఓక్‌లాండ్ కొట్ల జాబితా రాసిచ్చినప్పుడు కూడా అతని మొహం ఇలాగే ఉంది, ఇంత ప్రేమగా, ఇంత పని మీద.

ఆమె గిటారు తీసుకుని ఆర్గన్ పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ప్రుయిట్ గారూ, రెండో తీగకు స్వరం ఇస్తారా?"

ప్రుయిట్ పేపరు మడిచి, ఆమె మొహంలోకి ఒకసారి చూసి, మెట్టు నొక్కి పట్టుకున్నాడు. ఆమె చెవి గిటారు చెక్కకు ఆనించి బిరడా తిప్పింది. తీగ పైకి జరిగింది, ఆర్గన్ దగ్గరికి వచ్చింది, రెండింటి మధ్యా వణుకు నెమ్మదించింది, నెమ్మదించి నెమ్మదించి ఆగిపోయింది. ఆమె దాని జంట తీగ పట్టుకుంది. తర్వాత మూడోది. జీవితంలో ఏ గిటారుకూ అంత శ్రద్ధగా శ్రుతి చేయలేదు. పన్నెండో తీగ అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చి అన్నీ ఇంకోసారి చూసింది. పన్నెండూ కలిపి మీటింది. ఆర్గన్‌లో ఆ గిటారు ఉప్పు నీళ్ళలో కరిగినట్టు కలిసిపోయింది. ఇప్పుడు తను చేసింది ఏమిటో ఆమెకు బాగా తెలుసు. ఆ తొమ్మిది పాటల మీటలు ఇక ఎవరూ పైకి తోయరు.

గుడ్డతో తీగలు తుడిచి, గిటారు రస్‌కు ఇచ్చింది.

ఎర్ర దీపం వెలిగింది. ప్రుయిట్ మొదలుపెట్టాడు, రస్ తలెత్తి వాయించాడు. బాగానే ఉంది. శుభ్రంగా, తియ్యగా ఉంది. ఊళ్ళో ఏ గుమ్మం ముందు నిలబడినా వినిపించేలాంటిది. మూడు నిమిషాలయ్యాక దీపం ఆరింది. స్పీకరులో లిండ్‌క్విస్ట్ గొంతు వచ్చింది, చెయ్యి వేడెక్కింది కదా రస్, ఇక ఆదివారంనాటిది ఇవ్వు అని.

రస్ మళ్ళీ వాయించాడు. ఈసారి స్వరాలను సాగదీశాడు, కళ్ళు మూసుకున్నాడు, భుజాలు ఊపాడు. దీపం ముందే ఆరిపోయింది. ఇది కాదు అన్నాడు లిండ్‌క్విస్ట్. రస్ వెర్నా వైపు చూశాడు. లారీ మీద ఆమె ఎదురుచూసిన చూపు అది. రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది.

"వెర్నా," అన్నాడు. మైకు తెరిచే ఉంది, అద్దం అవతలివాళ్ళందరికీ వినబడుతోంది. "శ్రుతి... సరిగ్గా లేదు."

"సరిగ్గానే ఉంది. కావాలంటే ఆయన్ని అడుగు."

లిండ్‌క్విస్ట్ ప్రుయిట్‌ను అడిగాడు. ప్రుయిట్ ఆరు మెట్లు వరసగా నొక్కాడు, రస్ ఆరు జంటలూ మీటాడు. ప్రుయిట్ తల పంకించాడు. "వెంట్రుకవాసి తేడా లేదండి. ఇంత బాగా కలిసిన పన్నెండు తీగల గిటారు నేను చూడలేదు."

"మరి అదే అంటున్నాను," లిండ్‌క్విస్ట్ గొంతులో విసుగు మొదలైంది. "నాకు కలవనిది కావాలి. ఆదివారం పెట్టుకున్నావే, అలా పెట్టుకో. పిల్లచేత చేయిస్తావేమిటి, నువ్వు పెట్టుకోవయ్యా. మేం ఆగుతాం."

రస్ గిటారును కొంచెం పైకెత్తుకుని ఒక బిరడా మీద వేళ్ళు వేశాడు. తిప్పాడు. తీగ మూలిగి పైకి పోయింది. కిందికి పోవాలి. అతనికి అది పైకి పోయిందని కూడా తెలియలేదు. ఇంకో బిరడా తిప్పాడు, ఇది కిందికి, మరీ కిందికి. అద్దం అవతల కంపెనీ మనుషుల్లో ఒకడు గడియారం చూసుకుని పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. ప్రుయిట్ మెట్ల మీద నుంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చున్నాడు, పక్కింట్లో గొడవ వినబడుతున్నప్పుడు మర్యాదస్తులు కూర్చున్నట్టు. రస్ మెడ మీదికి ఎరుపు పాకుతోంది. మూడో బిరడా. నాలుగోది. ప్రతి తీగా ఎటు తప్పుతోందో, దాన్ని ఎంత తిప్పితే తిరిగి వస్తుందో వెర్నా చెవులు ఆమె అడగకుండానే చెబుతున్నాయి. వేళ్ళు వాటంతటవే గాల్లో తిరగబోతే పిడికిలి బిగించింది.

స్పీకరు మళ్ళీ గరగరమంది. "అమ్మాయ్, నువ్వక్కడ ఎందుకు? నీకేమైనా కావాలా?"

వెర్నా గోడ పక్కనున్న కుర్చీని గది మధ్యకు, రస్‌కు ఎదురుగా లాక్కుంది. లంగా సర్దుకుని కూర్చుంది.

"ఏమీ అక్కర్లేదండీ," అంది. "వింటున్నాను."